దుమ్ములగొండి దొరకు శాలువా

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెట్టడానికి లేదు. ఈ కథకు రెండు అడవులు కావాలి, మధ్యలో ఒక ఏరు కావాలి. ఇవతలి అడవిలో గాడిదలకు యజమాని ఉంటాడు. అవతలి అడవిలో ఉండడు. తాగే నీళ్ళు మాత్రం రెండు ఒడ్లకూ ఒకటే.

ఆ యజమాని పేరు దుమ్ములగొండి దొర. చౌడు నేలల నుంచి ఉప్పు మోయించి రెండు అడవులకూ అమ్మడం ఆయన వ్యాపారం. మోసేది గాడిదలు, బలిసేది ఆయన. పుట్టుకతోనే నవ్వుమొహం కాబట్టి చాలామంది ఆయన్ని మంచివాడనుకునేవారు.

ఆ గాడిదల్లో సింగారి ఒకతె. వీపంతా పుండ్లే. తన బతుకింతేలే అని సరిపెట్టుకుంది గానీ, కూతురు మల్లి వీపు ఇంకా నున్నగా ఉంది. "వచ్చే సంత నుంచి ఆ పిల్లకీ బస్తా ఎత్తండి," అన్నాడు దొర. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి సింగారికి గడ్డి సహించడం లేదు.

ఆమె కష్టం చెప్పుకునేది ఒక్క తాబేలు తాయారమ్మతోనే. తాయారమ్మ పొద్దున ఈ ఒడ్డు, సాయంత్రం ఆ ఒడ్డు. గాడిదల పుండ్ల సంగతి అవతలి అడవిలో గడప గడపకూ చెప్పింది ఆవిడే. అది విని అవతలివాళ్ళు దొర ఉప్పు నాకడం మానేశారు. వాళ్ళ సంఘం అధ్యక్షుడు దుప్పి అయితే చాలా గర్వంగా, చాలా చప్పగా బతుకుతున్నాడు.

ఇవతల మేకపోతు మార్తాండంగారు కూడా దాస్య విమోచన సంఘం పెట్టి, గడ్డం దువ్వుకుని, ఉపన్యాసాలు మొదలెట్టారు. అవి విని ఏ గాడిదా విడుదల కాలేదు గానీ, కొన్ని హాయిగా నిద్రపోయాయి. "ఆ కాస్త విశ్రాంతి ఆయన పుణ్యమే," అనేది సింగారి.

చివరికి రెండు సంఘాలూ కలిసి అవతలి ఒడ్డున ఉభయారణ్య మహాసభ జరపాలని నిశ్చయించాయి. అంతా బాగానే ఉంది, మరి ఇవతలి ప్రతినిధులు ఏరు దాటడం ఎలా?

దొర నవ్వుతూ వచ్చాడు. ఉప్పు అమ్ముడుపోక ఆయన ఏడుపు ఆయనది. "నా గాడిదలు లేవూ! ఎక్కి వెళ్ళండి. నేనూ వస్తాను. సభలో నా గురించి రెండు మంచి ముక్కలు చెప్పండి, చాలు."

మార్తాండంగారికి కళ్ళు చెమర్చాయి. "దాస్య విమోచనకు దాసుల్నే అరువిచ్చిన మహానుభావులు!" అన్నారు. ప్రతినిధులంతా చప్పట్లు కొట్టారు. ఆ మాటలో ఏదో తేడా ఉందని ఒక్కడికీ తోచలేదు.

సింగారి ఎగురుకుంటూ రేవుకు పోయింది. "తాయారత్తా! మీ గడ్డ మీద కాలు మోపిన ప్రాణికి యజమాని ఉండడంటావుగా! మేమంతా వచ్చేస్తున్నాం!"

"ఆగవే పిచ్చిదానా," అంది తాయారమ్మ. "వీపు మీద బరువుంటే మావాళ్ళ లెక్కలో నువ్వు ప్రాణివి కాదు, వాహనానివి. వ్యాపారం చెడకూడదని మా పెద్దలు పెట్టిన మెలిక అది. మీ దొరకు కంఠతా వచ్చు. సభ అయ్యేదాకా ఒక్కణ్ణీ కిందికి దిగనివ్వడు చూడు."

"గాడిద గుడ్డు!" అంది సింగారి, ఉక్రోషం పట్టలేక.

"ఇంతకీ మీ సంఘంవాళ్ళు దేనికి దిగుతారే?" అంది తాయారమ్మ.

"ఆకలికి దిగరు, వానకు దిగరు. మోసినదాన్ని, నాకు తెలియదా? శాలువా కప్పుతామంటే మాత్రం పాడుబడ్డ నూతిలోకైనా దిగుతారు."

తాయారమ్మ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది, డిప్ప అడ్డం రాకపోతే దొర్లేదే. "అయితే సన్మానాలు పెట్టమని మా దుప్పికి నేను చెబుతా. శాలువాలు తేవడం అతిథుల వంతు. మరి ఆ మూట మోసేదెవరు?"

"మా మల్లి," అంది సింగారి.

సభ రోజు రానే వచ్చింది. "బానిసత్వం నశించాలి!" అని గాడిదల మీద నుంచి అరుచుకుంటూ ప్రతినిధులు ఏరు దాటారు. దొర సింగారి మీద ఎక్కాడు. వెనకాల గిజిగాళ్ళు నేసిన గడ్డి శాలువాల మూటతో మల్లి వచ్చింది. ఒడ్డెక్కగానే దొర, "ఎవరూ దిగకండి, కాళ్ళకు బురదవుతుంది!" అన్నాడు. ఎవరూ దిగలేదు.

తాయారమ్మ కుర్చీ అడిగింది. "మీరు ఏ ఒడ్డు ప్రతినిధి?" అన్నాడు దుప్పి. "రెండు ఒడ్లూ నావే నాయనా." "అలాంటి కుర్చీ లేదండీ," అన్నాడు దుప్పి చాలా మర్యాదగా. ఆవిడ వెళ్ళి మల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది.

మార్తాండంగారు గాడిద మీద నుంచే అందుకున్నారు. "మిత్రులారా! ఒకరి వీపు మీద ఇంకొకరు బతికే రోజులు పోవాలి! ఛీ, కదలకే గాడిదా, మంచి వాక్యం మధ్యలో ఉన్నాను!"

తర్వాత సన్మానాలు. బండ మీద వేదిక. దుప్పి గొంతు సవరించుకుని, "మొట్టమొదట వాహన దాత, విమోచన బంధు, దుమ్ములగొండి దొరగారు వేదిక మీదికి రావాలి," అన్నాడు.

"ఇక్కడే కప్పండి," అన్నాడు దొర.

"వేదిక మీద కప్పితేనే శాలువా అండీ. కింద కప్పితే దుప్పటి."

"దొరగారికి మొహమాటంగా ఉంటే నాకు కప్పండి, నాకేం ఫరవాలేదు," అన్నారు మార్తాండంగారు, ఒక కాలు అప్పుడే దించుతూ.

దొరకు ఒళ్ళు మండింది. గాడిదలు తనవి, బిరుదు వీడిదా? ఒక్క క్షణమేగా అని గబుక్కున దిగి బండెక్కాడు.

సింగారి వీపు తేలికయింది. ఆ క్షణం నుంచి ఆమెకు యజమాని లేడు. ఎగిరి గంతేయాలనిపించింది, ఓండ్ర పెట్టాలనిపించింది. అయినా పళ్ళు బిగబట్టి నిలబడింది. మల్లి మీద మూట ఇంకా ఉంది.

దొర దిగాక ఇంకెవరు ఆగుతారు? ప్రతినిధులంతా తోసుకుంటూ బండ మీద పడ్డారు. వీపులన్నీ ఖాళీ అవుతున్నాయి, మూట కరిగిపోతోంది. మార్తాండంగారైతే తన శాలువా అంచు అప్పుడే నమలడం మొదలుపెట్టారు. ఆఖరికి మూటలో ఒక్క శాలువా మిగిలింది. కప్పించుకోవలసినవాళ్ళు మాత్రం అయిపోయారు.

అప్పుడు దొర కిందికి చూశాడు. ఒక్క గాడిద మీదా ప్రతినిధి లేడు. "ఎక్కండి! ఎక్కండి!" అని నవ్వుమొహంతోనే లబోదిబోమన్నాడు. అంతలో మల్లి మీద మిగిలిన శాలువా కంటబడింది. "పిల్ల ఇంకా నాదే! పిల్ల నా దగ్గరుంటే తల్లి ఎక్కడికి పోతుంది?" అంటూ బండ దిగి ఉరికాడు.

సింగారి ఉన్న ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది: "అయ్యలారా! ఆ చివరి శాలువా ఇద్దరు అధ్యక్షుల్లో గొప్పవారికట!"

దుప్పి ఒకవైపు నుంచి దూకాడు, మార్తాండంగారు ఇంకోవైపు నుంచి దూకారు. మధ్యలో దొర నలిగి, దుప్పి కొమ్ములకు చిక్కి, గాలిలో కాళ్ళు కొట్టుకున్నాడు. శాలువా నిలువునా చిరిగింది. చెరో ముక్క చెరొకరికి.

మల్లి వీపు మీద గడ్డిపోచ కూడా లేదు.

"వీపులు ఖాళీ! కాళ్ళు మా గడ్డ మీద!" అని తాయారమ్మ కేక పెట్టింది. ఉప్పు మానేసిన అవతలి అడవి అంతా ఈలలు వేసి చిందులు తొక్కింది. సింగారి కూతురి నున్నటి వీపు మీద మొహం ఆనించి భోరుమంది.

ఇక ఇళ్ళకు పోవాలి. రేవు దగ్గర ప్రతినిధులు ఏటి వంక చూశారు, గాడిదల వంక చూశారు. గబగబా ఒక తీర్మానం చేశారు: గాడిదల విడుదల తిరుగు ప్రయాణం తర్వాత అమలులోకి రావాలి. ఏకగ్రీవంగా నెగ్గింది. గాడిదల్ని ఎవరూ అడగలేదు, గాడిదలూ పట్టించుకోలేదు.

"అమ్మా సింగారీ," అంటూ మార్తాండంగారు ఆమె కాళ్ళు పట్టుకున్నారు. "వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడమ్మా, నాదేముంది!"

"ఆయన చెరలో పుట్టిన బిడ్డను ఏరు దాటించుకోవడానికి పట్టుకున్నాడయ్యా," అంది సింగారి మెల్లగా కాళ్ళు విడిపించుకుంటూ. "ఆ పని ఇవాళ నేనూ చేశాను. మరి తమరు ఎవర్ని దాటించడానికి పట్టుకున్నారు?"

నీతి: దాస్య విమోచన సభలకు వెళ్ళే పెద్దలు ముందుగా ఈత నేర్చుకుని వెళ్ళడం మంచిది.