ట్యాంకర్ ముక్కుకు జలాభిషేకం

“కాగితపు ఎయిర్ ఫిల్టర్ల చెత్త నుంచి భూగోళాన్ని కాపాడతా! మన ట్యాంకర్ ట్రాక్టర్‌తోనే మొదలుపెడతా!” అని మా మున్సిపల్ చైర్మన్ దామోదర్‌రావు గారు ప్రకటించారు. చప్పట్లు మోగించాం. మోయడానికి నీళ్లు లేవు కనుక మా వాడలో అందరి చేతులూ ఖాళీగానే ఉన్నాయి.

ఆ ట్రాక్టరే మాకు నీళ్లు తెచ్చేది. దుమ్ముతో ఫిల్టర్ మూసుకుపోయి, ఇంజనుకు గాలి ఆడక ఆగిపోయింది.

“కాగజ్‌నగర్ల కాగితం ఫిల్టర్ దొర్కుతది సార్. ఇప్పుడు పోతే పగటికల్ల తెచ్చి బిగిస్త,” అన్నాడు డ్రైవర్ రాజం.

“వాడి పారేసుడా? కడిగి పదేండ్లు వాడేది ఉండంగ!”

చైర్మన్ గారిది దూరదృష్టి. దగ్గరివి కనబడవు.

వెంటనే అధ్యయన కమిటీ వేశారు. అది మూడు రోజులు కాగితం ప్లేట్లలో బిర్యానీ తిని, కాగితం గ్లాసుల్లో చాయ్ తాగి, కాగితం వద్దని కాగితం మీద రాసిచ్చింది.

హైదరాబాద్ నుంచి కడిగే ఫిల్టర్ దిగింది. పూలదండ వేసి, ఓపెన్ టాప్ జీపులో, డప్పులతో మా వాడకు ఊరేగించారు. మాది మట్టిరోడ్డు. గమ్యం చేరేసరికి కొత్త ఫిల్టర్ పాతదానికి అన్నలా ఉంది.

“కడుగుర్రి!” అన్నారు చైర్మన్ గారు.

“నీళ్లు లెవ్వు సార్.”

“ఏడుంటయి?”

“ట్యాంకర్ల.”

“ట్యాంకర్ ఎప్పుడొస్తది?”

“ఫిల్టర్ కడిగినంక సార్.”

అందరి చూపూ కొమురవ్వ బిందె మీద పడింది. వాడంతటికీ మిగిలింది అదొక్కటే.

“నా బిడ్డ బాలింత సారూ. గివి తాగే నీళ్లు. నేనియ్యను!”

“ఒక్క బిందె ఇయ్యి కొమురవ్వా. రేపు నాలుగు వేల లీటర్లు నీ ఇంటి ముంగట ఉంటయి. నా మాట!”

“మాట తాగుతదా నా బిడ్డ? బిందె నిండాలె!” అంటూనే ఇచ్చింది. పాపం, ఆమెకు ఓటు వేసిన అలవాటు.

ఫిల్టర్ మునిగింది. ఆరింది. ఇంజనుకు బిగిసింది. మర్నాడు ట్యాంకర్ నిజంగానే నిండుగా వచ్చింది! కొమురవ్వ అందరికన్నా ముందు నిలబడింది.

రాజం ఫిల్టర్ డబ్బా తెరిచి చూశాడు. “జర దుమ్ము పట్టింది సార్.”

“కడుగు మరి!”

“ఏం నీళ్లతోని సార్?”

“ఇయ్యాల ఉన్నయి కదరా!” చైర్మన్ గారి ముఖం వెలిగిపోయింది. “వాల్వు మొత్తం తిప్పు. వీడియోల ధార కనబడాలె!”

“సారూ, బిందె!”

“ఫ్రేముల అడ్డం రాకవ్వా!”

మొదటి టేకులో కండువా జారింది. రెండోదాంట్లో కళ్లు మూసుకున్నారు. మూడోది అద్భుతంగా వచ్చింది. అప్పటికి ధార సన్నబడి చుక్కలుగా మారింది.

తడి ఫిల్టర్ ఆరేదాకా బండి తీయొద్దని రాజం చెప్పాడు.

నీటి దాతగా కొమురవ్వకు చైర్మన్ గారు స్వయంగా ప్రశంసాపత్రం అందజేశారు. బంగారు అంచున్న మందపాటి కాగితం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. జీపులు వెళ్లిపోతూ దుమ్ము లేపాయి.

కొమురవ్వ ఆ పత్రాన్ని ఖాళీ బిందె మీద మూతగా పెట్టి, చేత్తో అదిమి పట్టుకుంది.