నిస్సందేహ పౌరురాలు

పౌరసత్వ వ్యవహారాల కార్యాలయం గోడ మీద ఒక ప్రకటన ఉంది. "పౌరసత్వం వదులుకోదలచినవారు ఉదయం పదకొండు గంటల నుండి ఒంటిగంట లోపల మాత్రమే వదులుకోవలెను. ఆలస్యంగా వచ్చినవారు మరునాటి వరకు పౌరులుగానే కొనసాగవలెను. అందువల్ల కలుగు కష్టనష్టములకు కార్యాలయము బాధ్యత వహించదు."

ఇందులో నవ్వడానికేమీ లేదు. అది పద్ధతిగల కార్యాలయం. కిటికీ తెరలు, బల్ల గుడ్డలు, పెద్దాఫీసరు కుర్చీ వీపుకు తగిలించిన తెల్లటి తొడుగు, డాబా మీద ఎగిరే జెండా, అన్నీ ఒకే చేతి కుట్టు. ఆ చెయ్యి టైలరమ్మది. ముప్పై ఏళ్లుగా ఏటా కొత్త జెండా ఆమే కుడుతోంది. అంత పనిమంతురాలు కాబట్టి ఆమె పేరు ఎవరికీ తెలియదు.

టైలరమ్మకు అరవై ఆరేళ్లు. కట్టుకున్నవాడు పోయాడు, పిల్లలు కలగలేదు. మిగిలింది ఒక కుట్టుమిషను, సముద్రానికి అవతల ఒక చెల్లెలు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట మొగుడి వెంట వెళ్లిన ఆ చెల్లెలు మళ్లీ కంటికి కనపడలేదు. ఇప్పుడు ఆ మొగుడూ లేడు. ప్రతి ఆదివారం ఫోనులో అక్కాచెల్లెళ్లు పోట్లాడుకుంటారు. ఆరోగ్యంగా ఉన్నారనడానికి అదే గుర్తు.

"అక్కా, సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పడుతోందే," అంది చెల్లెలు ఒక ఆదివారం.

"నాకు మాత్రం కనపడి చచ్చిందా?"

"నీదొక కన్ను, నాదొక కన్ను. కలిస్తే ఒక మనిషవుతాం. వచ్చెయ్యి."

చెల్లెలున్న దేశంవారు దయగలవారు. తోబుట్టువును పౌరురాలిగా చేర్చుకుంటామని ఉత్తరం రాశారు. ఒక్కటే షరతు. పాత పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం తొంభై రోజుల్లో పంపాలి. తొంభై ఒకటో రోజున అర్జీ రద్దవుతుంది, మళ్లీ పెట్టుకోవడానికి వీల్లేదు. టైలరమ్మ ఆ ఉత్తరాన్ని కొలతల టేపుతో కలిపి చుట్టి జాకెట్టులో దోపుకుంది. మర్నాడు పది గంటలకే వచ్చి, పదకొండు దాకా పౌరురాలిగా నిలబడింది.

"రెండూ ఉంచుకోవడానికి లేదా నాయనా?" అని ముందుగా అడిగింది. అరవై ఆరేళ్లు ఉన్నచోటు మరి. పాత చీర చింపి పక్కబట్ట చేయడానికే మనసొప్పని మనిషి.

గుమాస్తాకు అంత పెద్ద ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం లేదు. పెద్దాఫీసరు గారి గదిలోకి తీసుకెళ్లాడు. ఆయన లేచి నిలబడ్డారు. టైలరమ్మ మీద గౌరవంతో కాదు, కూర్చుని ప్రసంగించే అలవాటు లేక.

"అమ్మా, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నడి ఏట్లో మునుగుతాడు. దేశమంటే తల్లి. తల్లులు ఇద్దరుంటారా? ఈ మట్టిని ప్రేమించే గుండెలో మరో మట్టికి చోటెక్కడిది?"

పెద్దాఫీసరు గారి కూతురు ఒక దేశంలోనూ, కొడుకు ఇంకో దేశంలోనూ పౌరులు. కోడలికి నెలలు నిండే సమయానికి విమానం ఎక్కించి, మనవడు మూడో దేశంలో పుట్టేలా చూశారు. ఈ మట్టిని ప్రేమించే భారమంతా ఆయనొక్కరి మీదే పడింది. పాపం, పింఛను వచ్చేదాకా మోస్తానని మాట ఇచ్చారు.

"ఆడదానికి పుట్టిల్లొకటి, మెట్టిల్లొకటి ఉంటాయి కదా బాబూ," అంది టైలరమ్మ. "ఒకదానికి రాజీనామా పెట్టమని నన్నెవరూ అడగలేదు."

"అది వేరమ్మా."

"వేరే లెండి. పుట్టింట్లో ఎప్పుడెళతావనేవాళ్లు, అత్తింట్లో ఎప్పుడొచ్చావనేవాళ్లు. రెండిళ్లన్న పేరే గాని కుదురుగా కూర్చున్నది మిషను ముందే."

"అర్జీదారు విషయానికి సంబంధం లేకుండా మాట్లాడినది" అని గుమాస్తా రాసుకున్నాడు.

సరే, ఒకటే ఉండాలంటే చెల్లెలున్నదే ఉండాలని తేల్చుకుని ఆమె ఫారం అడిగింది. అప్పుడు బయటపడింది అసలు చిక్కు.

"వదులుకోవాలంటే ముందు మీకు ఉండాలి కదమ్మా," అన్నాడు గుమాస్తా. "ఉన్నట్టు రుజువేది?"

టైలరమ్మ సంచీ బోర్లించింది. ఓటరు చీటీలు, పన్ను రసీదులు, నీళ్ల బిల్లులు, మొగుడి మరణ పత్రం. గుమాస్తా ఒక్కొక్కటీ ఓపికగా చూసి పక్కన పెట్టాడు.

"ఇవన్నీ మీరు ఇక్కడ ఉన్నారని చెబుతాయి. ఇక్కడివారని చెప్పవు."

"ఓట్లేయించుకున్నారు కదా నాయనా, తొమ్మిది సార్లు."

"వేయించుకున్నవాళ్లని అడగండి. అది వేరే శాఖ."

పుట్టిన ఊరి కచ్చేరీలో ఆమె పుట్టుక నమోదైన పుస్తకం ఉండాలి. కార్యాలయం ఉత్తరం రాసింది. నలభై రోజులకు జవాబు వచ్చింది. ఆ పుస్తకాన్ని చెదలు తిన్నాయనీ, చెదలు తిన్నట్టు మాత్రం పక్కాగా నమోదై ఉందనీ. దీని మీద త్రిసభ్య సంఘం కూర్చుంది. సంఘం అన్ని కోణాల్లోనూ పరిశీలించి, ఆ పుస్తకం ఉండి ఉంటే అందులో టైలరమ్మ ఉండి ఉండవచ్చునని ఒప్పుకుంది. కాని పుస్తకం లేదు. కాబట్టి టైలరమ్మ ఏనాడూ ఈ దేశ పౌరురాలు కాదని ఏకగ్రీవంగా తేల్చింది.

"అమ్మయ్య," అంది టైలరమ్మ. "కాదనే రాసివ్వండి, పోతాను."

"కాదని రాసివ్వడానికి ఫారం లేదమ్మా," అన్నాడు గుమాస్తా. అతను చెడ్డవాడు కాదు. చెప్తున్నప్పుడు తల గోక్కున్నాడు కూడా. "వదులుకున్నారు అనే ఫారమే ఉంది. అవతలివాళ్లు అడుగుతున్నదీ అదే."

"మరెలా?"

"మీరు ముందు పౌరసత్వానికి అర్జీ పెట్టుకోండి. వస్తుంది. వచ్చాక వదులుకోండి."

ఆ అర్జీలో మొదటి వాక్యం "కడ ఊపిరి వరకు ఈ దేశమునందే నివసింతునని" అని మొదలవుతుంది. వెళ్లిపోవడం కోసం టైలరమ్మ ఆ వాక్యం కింద సంతకం పెట్టింది. దాన్ని ముద్దగా కాక గుండీ కాజా కుట్టినట్టు ఒత్తుగా, ఒకే పొడవు గీతలతో పెట్టింది. అది చూసి గుమాస్తా సంతకమంటే ఇలా ఉండాలన్నాడు.

అర్జీ తర్వాత దేశభక్తి పరీక్ష. జెండా పొడుగెంత, వెడల్పెంత అన్నది ఒక ప్రశ్న. పుస్తకంలో ఉన్న జవాబు వేరు. టైలరమ్మ చెప్పిన జవాబు రెండు వైపులా జానెడు తక్కువ.

"తప్పు," అన్నారు పెద్దాఫీసరు గారు.

"మీరు పంపే గుడ్డలో అంతే వస్తుంది బాబూ. ముప్పై ఏళ్లుగా అంతే. మిగిలిన గుడ్డ ఎటు పోతుందో నాకు తెలీదు. మీ కుర్చీ తొడుగు మాత్రం అదే రకం."

పెద్దాఫీసరు గారు కుర్చీకి అడ్డంగా జరిగి నిలబడ్డారు. దేశభక్తిలో ఆమెకు నూటికి నూరు మార్కులు వేసి, తక్కిన ప్రశ్నలు అవసరం లేదన్నారు.

ఎనభై ఎనిమిదో రోజున పౌరసత్వ ప్రదానోత్సవం జరిగింది. పెద్దాఫీసరు గారు అదే ప్రసంగం చేశారు. ఒర, కత్తులు, పడవలు, తల్లి, అన్నీ వరసగా వచ్చాయి. టైలరమ్మకు చట్రం కట్టిన పత్రం ఇచ్చారు. ఎర్ర ముద్ర, వరస నంబరు, "నిస్సందేహ పౌరురాలు" అన్న అక్షరాలు. అది చేతికొచ్చేసరికి ఒంటిగంట దాటి అయిదు నిమిషాలైంది. ప్రకటన సంగతి మీకు తెలిసిందే. ఆమె మర్నాటి వరకు పౌరురాలిగా కొనసాగవలసి వచ్చింది.

ఆ సాయంత్రం చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, ఎక్కడిదాకా వచ్చింది?"

"ఇప్పుడే చేరానే."

"ఎక్కడికి?"

"ఇక్కడికే."

మర్నాడు, అంటే ఎనభై తొమ్మిదో రోజున, పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. టైలరమ్మ ఫైలు చదివి పైవాళ్లు ఎంతో ముచ్చటపడ్డారు. ఇంత పటిష్ఠమైన పరిశీలన ఒక్కరికే పరిమితం కావడం అన్యాయమన్నారు. ఇకపై ఉద్యోగులందరూ తమ పౌరసత్వాన్ని ఇదే తీరున రుజువు చేసుకోవాలి. పత్రం లేనివారు, పత్రం ఉన్న పౌరుడి చేత హామీ సంతకం చేయించుకోవాలి. హామీ ఇచ్చిన మనిషి బతికి, ఆ మనిషికి పౌరసత్వం ఉన్నంతకాలమే ఆ హామీ చెల్లుతుంది. అంతవరకు ఎవరూ దేని మీదా సంతకం పెట్టరాదు.

కార్యాలయంలో నలభై ఒక్కమంది. వెతికారు. ఓటరు చీటీలు దొరికాయి, పన్ను రసీదులు దొరికాయి, పెళ్లి ఫోటోలు కూడా దొరికాయి. పెద్దాఫీసరు గారు పుట్టిన ఊరి పుస్తకాన్నీ చెదలే తిన్నాయి. చెదలకు హోదాల తేడా తెలియదు. ఊరంతటికీ ముద్ర పడిన పత్రం ఒక్కటే ఉంది. అది టైలరమ్మ గోడకు, కత్తెర తగిలించే మేకుకు వేలాడుతోంది.

తొంభయ్యో రోజు తెల్లారేసరికి ఆమె గుమ్మం ముందు వరస కట్టారు. నలభై ఒక్కమందీ క్రమశిక్షణతో, హోదా ప్రకారం.

"అమ్మా, ఒక్క సంతకం," అన్నారు పెద్దాఫీసరు గారు.

"మీరిక్కడివారే అనడానికి రుజువేది బాబూ?"

"ముప్పై ఏళ్లుగా చూస్తున్నారు కదమ్మా నన్ను."

"చూస్తున్నాను. అది మీరు ఇక్కడ ఉన్నారని చెబుతుంది, ఇక్కడివారని చెప్పదట."

పెద్దాఫీసరు గారు గుమ్మంలోనే కూలబడ్డారు. కూర్చుని మాట్లాడటం ఆయనకు అదే మొదలు. "మేం తప్పు చేశాం. కానీ మీరు సంతకం పెట్టకపోతే నాకు సంతకం పెట్టే అధికారం ఉండదు. నా సంతకం లేకపోతే మీరు వెళ్లలేరు."

నిజమే. టైలరమ్మ గడియారం చూసింది. తొమ్మిదిన్నర. చిరుగుతో వచ్చిన గుడ్డను కుట్టకుండా వెనక్కి పంపడం ఆమె చేతకాని పని. మిషను మీద కాగితాలు పరిచి నలభై ఒక్క సంతకాలూ పెట్టింది. కాజా కుట్టులాంటి సంతకాలు. గుమాస్తా వంతు వచ్చినప్పుడు మాత్రం, "నువ్వు ఇక్కడివాడివేలే, తల గోక్కునే తీరు చూస్తే తెలుస్తోంది," అంది.

పదకొండు గంటలకు కార్యాలయం తెరిచారు. విరమణ ఫారం బల్ల మీదికి వచ్చింది. పెద్దాఫీసరు గారు కలం తీసి, గాలిలోనే ఆపేశారు.

"అమ్మా, మీరు వదులుకున్నారంటే మీ హామీ పోతుంది. మేం నలభై ఒక్కమందీ మళ్లీ ఎవరమూ కాకుండా పోతాం."

"నాకు ఇవాళే ఆఖరు బాబూ. చెల్లెలు ఎదురుచూస్తోంది."

ఆయన నిండా పది నిమిషాలు ఆలోచించారు. ఆపైన గొంతు సవరించుకున్నారు. ఎందుకైనా మంచిదని లేచి నిలబడ్డారు.

"ఆలోచించి చూస్తే, ఒర వెడల్పుగా ఉంటే రెండు కత్తులు ఎందుకు ఇమడవు? మీరన్నట్టు పుట్టిల్లూ మెట్టిల్లూ లేవా? కన్నతల్లీ, పెంచినతల్లీ లేరా? విశాల హృదయమే మన జాతి లక్షణం."

రెండు కాగితాలు తయారయ్యాయి. "సదరు టైలరమ్మ పౌరసత్వము వదులుకున్నది" అన్నది ఒకటి. అది సముద్రం దాటడానికి. "సదరు టైలరమ్మ పౌరసత్వము వదులుకొనలేదు, వదులుకొనజాలదు" అన్నది రెండోది. అది బీరువాలో దాచడానికి. రెంటి మీదా ఒకే ముద్ర, ఒకే తేదీ. పన్నెండూ యాభైకి మొదటి కాగితం ఫ్యాక్సులో అవతలి దేశానికి చేరింది. గుమాస్తా ఆమె పెట్టె బస్సు దాకా మోశాడు.

"ఏది నిజమంటావు నాయనా?" అని అడిగింది ఆమె.

"ముద్ర రెంటికీ ఉందమ్మా."

ఇప్పుడు అక్కడ అందరూ క్షేమం. జెండా కుట్టే పని ఇంకొకరికి అప్పజెప్పారు. జానెడు కాదు, మూరెడు తగ్గింది. పెద్దాఫీసరు గారు ఒర, కత్తుల ప్రసంగం మళ్లీ మొదలుపెట్టారు. ఊరి నిండా దేశభక్తులే. రుజువున్న పౌరురాలు మాత్రం ఒక్కతే. ఆమె ఊళ్లో లేదు.

అరవై ఆరేళ్లలో ఒక్కనాడూ తిన్నావా అని అడగని ఊరు ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం కార్యాలయం ఫోను నుంచి ఆమెను పలకరిస్తోంది. నిద్ర పడుతోందా, చలికి స్వెట్టరు వేసుకుంటున్నారా, మందులు టైముకి వేసుకుంటున్నారా. "ఎవరే అక్కా, నీ మీద ఇంత ప్రాణం పెట్టుకున్నవాళ్లు?" అని ఆశ్చర్యపోతుంది చెల్లెలు, సూది బెజ్జం అక్క కంటి ముందు పట్టుకుని. "మనవాళ్లేలే," అంటుంది టైలరమ్మ, దారం కొస తడి చేసుకుంటూ.

ఇదంతా చదివి మీరు నవ్వుకుంటే నాకు అభ్యంతరం లేదు. కాని వీలు చూసుకుని మీ కాగితాలు ఒకసారి బయటకు తీయండి. అడుగున ఎక్కడైనా కాజా కుట్టులాంటి సంతకమో, దాని హామీ మీద పెట్టిన సంతకమో ఉందేమో చూసుకోండి. ఎందుకంటే, నిన్నటి నుంచి ఆమెకు కొంచెం దగ్గుగా ఉందట.