గోడకు ముందే తెలుసు

ఆ ఆదివారానికి సదాశివ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున్నే మటన్ తెచ్చి భార్య పుష్పమ్మకు అప్పగించడం, మధ్యాహ్నం కడుపునిండా తిని ఓ కునుకు తీయడం, నాలుగింటికి కొత్త డిష్ ముందు కూర్చుని మన ఊరి జట్టు మ్యాచు చూడడం, చూస్తూ చూస్తూనే పక్క ఫ్లాటు కన్నారావు బండారాన్ని బయటపెట్టడం.

సదాశివకు జనరల్ బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పద్మారావు నగర్‌లోని ఆ అపార్ట్‌మెంటుకు సెక్రటరీ కూడా ఆయనే. నీళ్ళ ట్యాంకరు ఆలస్యంగా వచ్చినా అనుమానమే, వేళకు వచ్చినా అనుమానమే. తన అనుమానం వల్లే బిల్డింగు ఇంత భద్రంగా ఉందని ఆయన నమ్మకం. ఇంకెవరూ ఆ పదవి అడగకపోవడం వల్లే ఆయన సెక్రటరీగా ఉన్నాడని మిగతావాళ్ళ నమ్మకం.

పక్క ఫ్లాటు కన్నారావుది తుని. రైల్వేలో ఉద్యోగం చేస్తూ ఎప్పుడో సికింద్రాబాద్‌లో స్థిరపడ్డాడు. మంచి మనిషే కానీ, టీవీలో మ్యాచు వస్తుంటే నోరు ఊరుకోదు. జన్మలో బ్యాటు పట్టినవాడు కాదు. అయినా ఏ బంతిని ఎటు కొట్టాలో, కెప్టెన్ ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో గొంతెత్తి చెబుతూనే ఉంటాడు. "ఒరే నాయనా, ఆఫ్ సైడు బంతిని లెగ్ సైడుకి లాగుతావేట్రా! మద్దేన్నం తిన్నది అరగలేదేటి?" అని ఆయన కసిరితే ఆ కసురు గోడ దాటి సదాశివ సోఫా దాకా వచ్చేది.

ఇరవై ఓవర్ల లీగు మొదలై ఊరికో జట్టు పుట్టుకొచ్చిన ఎండాకాలం అది. సగం నగరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి మాట్లాడుకునేది, సగం నగరం జట్టు గురించి. సాఫ్ట్‌వేర్ గెలుస్తూ ఉండేది, జట్టు ఓడుతూ ఉండేది. బెట్టింగ్ ముఠా దొరికిందన్న వార్త పేపర్లో రోజుకొకటి వచ్చేది. ఆ వార్తలన్నీ సదాశివ వదలకుండా చదివేవాడు.

కేబులు బొమ్మ బాగుండడం లేదని ఆయన వారం కింద మేడ మీద డిష్ పెట్టించాడు. బొమ్మ అద్దంలా ఉంది. ఆ రోజు నుంచే ఆయనకొక వింత తెలియసాగింది. గోడ అవతల కన్నారావు "సిక్సు!" అని అరుస్తాడు. ఇక్కడ టీవీలో బౌలరు అప్పుడే పరుగు మొదలుపెడతాడు. ఆ తర్వాత తాపీగా సిక్సు పడుతుంది. "ఔటు!" అంటాడు. ఔటయ్యేవాడు ఇక్కడ ఇంకా గ్లవ్స్ సర్దుకుంటూ ఉంటాడు.

కేబులు ఉన్నన్నాళ్ళూ ఈ మోసం ఎందుకు కనబడలేదా అని సదాశివ ఆలోచించి, జవాబు కూడా తానే చెప్పుకున్నాడు. బొమ్మ సరిగ్గా కనబడితేనే కదా మనుషులు కూడా సరిగ్గా కనబడేది!

"వానికి ముందే ఎరుక. మ్యాచులు ఫిక్సింగ్ అయితున్నయ్. ఆ ముఠాల మనోడున్నడు" అన్నాడు భార్యతో.

"ముందే ఎరుకైతే మొన్న మనోళ్ళు గెలుస్తరని చెప్పిండు గదా, ఓడిపాయిరి?" అంది పుష్పమ్మ.

"అవి కావాల్నని తప్పు చెప్తడు. డౌటు రావద్దని."

పుష్పమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇక సదాశివ దుకాణం నుంచి లోతైన స్టీలు గ్లాసొకటి తెచ్చి, గోడకు ఆనించి, దానికి చెవి పెట్టి కూర్చోవడం షురూ చేశాడు. ఒకనాడు ఆయన ఆ పనిలో ఉండగానే పుష్పమ్మ లడ్డూ చేతిలో పెట్టి, "కన్నారావు బిడ్డ పూజితకు సాఫ్ట్‌వేర్‌ల నౌకరీ వచ్చిందట. కంపెనీ మనిషి వచ్చి చుట్టుపక్కల అడిగిపోతడట. అదొక్కటి అయితే ఒకటో తారీకు జాయినింగేనట. ఏడాది సంది తిరిగి తిరిగి సాధించుకుంది పోరి" అని చెప్పింది. సదాశివ లడ్డూ తిన్నాడు. మాట మాత్రం వినలేదు. ఆ సమయానికి గ్లాసులో కన్నారావు ఫోను మాట్లాడుతున్నాడు.

"లోవరాజూ, ఇంకోటి పడిపోయింది. అక్కడందరికీ చెప్పెయ్. మళ్ళీ ఓవరయ్యాక చేస్తాను."

సదాశివ గ్లాసును గోడకు ఇంకాస్త అదిమాడు. దానికి తోడు రోజూ సాయంత్రం ఎవరెవరో ఆ ఫ్లాటుకు ఉత్త చేతులతో వచ్చి, బరువైన సంచులతో వెళుతున్నారు. ఇంకేం కావాలి? కింది ఫ్లాటు ఊర్మిళ మరిదికి పోలీసుల్లో తెలిసినవాళ్ళున్నారు. సదాశివ ఆమె చెవిన వేశాడు. మరిదితో చెప్పి ఒక మనిషిని పంపిస్తానని ఆమె మాట ఇచ్చింది.

ఆదివారం నాలుగు దాటింది. మ్యాచు మొదలైంది. గోడ కూడా మొదలైంది. పొద్దుగూకే వేళకు, ఆఖరి ఓవర్లు నడుస్తుండగా, సదాశివ తలుపు ఎవరో తట్టారు. పొట్టి క్రాఫు, నల్ల బూట్లు, మెడలో గుర్తింపు కార్డు, చంకలో రాసుకునే అట్ట ఉన్న కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"నమస్తే సార్, నా పేరు హరికిషన్. వెరిఫికేషన్‌కు వచ్చిన. పక్కింటి కన్నారావు గారి తలుపు ఎంత కొట్టినా తీస్తలేరు. లోపల మస్తు లొల్లి ఉంది. మీరు సెక్రటరీ అంట గదా, వాళ్ళ గురించి జెర మీరే చెప్పున్రి."

సదాశివ అతని చెయ్యి పట్టి లోపలికి లాగి తలుపేశాడు. "మీ కోసమే చూస్తున్న. మెల్లగ మాట్లాడున్రి, అవతలికి వినిపిస్తది."

హరికిషన్ తెల్లబోయి తానూ గొంతు తగ్గించాడు. "ఎట్లాంటి మనిషి సార్ ఆయన?"

"చూస్తే పాపం అనిపిస్తడు. చేసేది మాత్రం బెట్టింగు. మ్యాచుల ఏమైతదో ముందే తెలుస్తది వానికి."

"ముందే ఎట్ల తెలుస్తది సార్?"

"అది తేల్చనీకే గదా మీరొచ్చింది! కూసోండి. టీవీ చూడున్రి, చెవి మాత్రం గోడ దిక్కు పెట్టున్రి."

హరికిషన్ కూర్చున్నాడు. టీవీలో బౌలరు బంతిని ప్యాంటుకు రుద్దుకుంటూ పరుగుకు సిద్ధమవుతున్నాడు. గోడ అవతల నుంచి, "ఎల్లిపోయింది! బౌలరు నెత్తి మీంచి ఎల్లిపోయింది! సిక్సు!" అన్న కేక వచ్చింది. బౌలరు పరుగెత్తాడు, వేశాడు. బంతి అతని నెత్తి మీంచి వెళ్ళిపోయింది.

హరికిషన్ కుర్చీ అంచుకు జరిగాడు. "ఇంకోసారి చూద్దాం సార్."

గోడ ఇంకోసారి కూడా చెప్పింది. "క్యాచు ఒదిలేశాడు! చేతులకి నూని రాసుకున్నావేట్రా!" హరికిషన్ కళ్ళార్పకుండా చూశాడు. బంతి గాల్లోకి లేచింది, ఫీల్డరు దాని కిందికి చేరాడు, రెండు చేతులూ పట్టాడు, ఒదిలేశాడు.

"అయ్యో సార్," అన్నాడు హరికిషన్, మొహం పాలిపోయి. "క్యాచు వదిలేసుడు సుత ముందే మాట్లాడుకున్నరా!"

సదాశివకు ఛాతీ ఉప్పొంగింది. ఇన్ని రోజుల తర్వాత తన మాట నమ్మిన మనిషి ఒకడు దొరికాడు. లోవరాజు ఫోన్ల గురించీ, బరువైన సంచుల గురించీ గడగడా చెప్పేశాడు. హరికిషన్ అన్నీ తలూపుతూ విన్నాడు.

"ఇగ ఎప్పుడు లోపలేస్తరు?" అని అడిగాడు సదాశివ.

"ఎవర్ని సార్?"

"ఎవర్నేందీ? కన్నారావును!"

"నేనెందుకు లోపలేస్త సార్? నేను పోలీసు కాదు. వాళ్ళ అమ్మాయి పూజితకు ఉద్యోగం ఇస్తున్న కంపెనీ వాళ్ళు పంపితే వచ్చిన. ఫ్యామిలీ ఎట్లాంటిదో అడిగి చెప్పాలె, గంతే. ఇంట్ల బెట్టింగ్ నడుస్తుందంటే ఆ అమ్మాయిని తీసుకోరు. పాపం, ఏం చేస్తం?"

సదాశివ సోఫాలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన పట్టుకోవాలనుకున్నది తండ్రిని. దెబ్బ పడుతున్నది పిల్లకు. డిష్ వచ్చిన రోజు ఛానెళ్ళన్నీ వరుసలో పెట్టి, రిమోట్ నొక్కడం పుష్పమ్మకు ఓపికగా నేర్పింది ఆ పిల్లే. అప్పటికి గానీ లడ్డూ ఎందుకు తిన్నాడో ఆయనకు తట్టలేదు.

"చూడు బాబూ, ఆ పిల్ల బంగారం. నేను చెప్పిందంత ఇడిసిపెట్టు. కన్నారావు సుత మంచోడే."

"ఇంతల్నే మంచోడెట్ల అయిండు సార్? ఇప్పుడు మాట మారిస్తే మీ మీద డౌటొస్తది," అన్నాడు హరికిషన్, ఆయన్ను కొత్తగా చూస్తూ. "నా చెవులతోని నేనే విన్న గదా. చెప్పకుంటే నా నౌకరీ పోతది. పోదాం పదున్రి, కండ్లతోని సుత చూస్త."

ఇద్దరూ వెళ్ళి పక్క తలుపు గట్టిగా బాదారు. ఈసారి కన్నారావు భార్య నూకరత్నం తీసింది. ఆమె వెనక నుంచి ఒకాయన బరువైన సంచి మోసుకుంటూ బయటికి పోతున్నాడు. హరికిషన్ దారికి అడ్డం నిలబడి సంచిలోకి తొంగిచూశాడు. ఆవకాయ జాడీ.

"తుని నించి కాయ తెప్పించి పెట్టానండి. మావారి ఆఫీసోళ్ళందరికీ మా ఆవకాయే కావాలి. మీక్కూడా ఉంచాను అన్నయ్యగారూ," అంది నూకరత్నం. సదాశివ జాడీ మీంచి చూపు తిప్పి సోఫా వైపు నడిచాడు.

కన్నారావు వచ్చినవాళ్ళెవరో, ఎందుకొచ్చారో అడగలేదు. మ్యాచు మధ్యలో అవి అడిగే మనిషి కాడు. "రండి రండి, మంచి టయానికొచ్చారు. మనోళ్ళు బౌలింగు, ఇదే ఆఖరి ఓవరు" అని చెరో పక్కనా కూర్చోబెట్టుకున్నాడు. ఇంతలో ఫోను మోగింది.

"లోవరాజూ, ఇంకా తేల్లేదురా. ఏటి, ఇంకా కరెంటు రాలేదా? ఈదిలో జనమంతా నీ చుట్టూనే ఉన్నారా? అయితే ఒదలొద్దు, పట్టుకునే ఉండు." కన్నారావు రిసీవరు చెవికి ఆనించుకుని, "మా బావమరిదండి. తునిలో సాయంత్రం కరెంటు తీసేస్తే మా ఈదికి నేనే టీవీని" అన్నాడు.

సంచులు పోయాయి, ఫోన్లు పోయాయి. కానీ అసలు అనుమానం అట్లాగే మిగిలింది. హరికిషన్ టీవీ చూడడం మాని కన్నారావు నోటినే చూస్తున్నాడు. సదాశివ హరికిషన్ మొహాన్నే చూస్తున్నాడు. 'ఇప్పుడు మాత్రం ముందే చెప్పకయ్యా తండ్రీ' అని లోలోపల మొక్కుకుంటున్నాడు.

అంతలో బ్యాట్స్‌మన్ బంతిని గాల్లోకి లేపాడు. మన ఫీల్డరు వెనక్కి పరుగెత్తి, పడిపోతూ పట్టేశాడు. వారం నుంచి గోడకు చెవి పెట్టి తప్ప మ్యాచు చూడని సదాశివ అన్నీ మరిచిపోయి ఎగిరి గంతేశాడు.

"ఔటు! పోయిండు! పట్టిండు రా!"

ఆ కేక చల్లారకముందే గోడ అవతల నుంచి పుష్పమ్మ గొంతు వినిపించింది. "ఏమయ్యో! ఆడింకా బాలే ఎయ్యలే, ఔటంటవేంది? ఓరి దేవుడా, నిజంగ ఔటాయె! నువ్వు సుత ఆళ్ళల్ల కలిసినవా?"

 సదాశివ గోడను చూశాడు. హరికిషన్ సదాశివను చూశాడు. లోపలి గదిలోంచి వచ్చిన పూజిత మాత్రం నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది.

"అంకుల్, మీది డిష్, మాది కేబుల్. డిష్‌లో బొమ్మ కొన్ని సెకన్లు లేటుగా వస్తుంది. పెట్టిన రోజే ఆంటీకి చెప్పాను, రిమోట్ గోలలో మర్చిపోయినట్టున్నారు."

హరికిషన్ తర్వాతి బంతికి పరీక్షించాడు. కన్నారావు "ఫోరు! అయిపోయింది, ఓడిపోయాం!" అని నెత్తి కొట్టుకున్నాడు. కాసేపాగి గోడ అవతల, "అయ్యో, ఫోరు పాయె, ఓడిపాయిరి" అంది పుష్పమ్మ. హరికిషన్ ఊపిరి పీల్చుకుని పూజిత వైపు తిరిగాడు. "మేడం, నా దిక్కు నుంచి అంతా ఓకే. ఒకటో తారీకు జాయిన్ గావున్రి."

"ఇంతకీ మీరెవరండీ?" అన్నాడు కన్నారావు అప్పుడు.

దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి సదాశివే మొత్తం చెప్పాడు. గ్లాసు సంగతి కూడా చెప్పాడు. వింటున్నకొద్దీ కన్నారావు మొహం చిన్నబోయింది. రిసీవరులో లోవరాజు "బావా, బావా" అంటున్నా పలకలేదు. మ్యాచు ఉన్నరోజు ఆయన అంతసేపు నోరు మూసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. సదాశివ చేతులు జోడించాడు.

"నాలుగు తిట్టున్రి కన్నారావు గారూ. మీరు గిట్ల సప్పుడు జేయక కూసుంటే నా పాణం పోతున్నది."

"నా కూతురి ఉద్యోగమండీ," అన్నాడు కన్నారావు నెమ్మదిగా. మళ్ళీ ఆయనే టీవీ వైపు చెయ్యి చూపించి, "ఇందాకా వదిలేశాడు సూడండి, ఆ క్యాచు పట్టుంటే మనం గెలిచేవాళ్ళం. తిడితే ఆణ్ణి తిట్టాలి. మిమ్మల్నేటంటాను!" అన్నాడు.

అక్కడితో అయిపోవలసింది. కానీ భర్త కేక విన్న పుష్పమ్మ కంగారులో ఊర్మిళకు ఫోను చేసింది. ఊర్మిళ మరిదికి చేసింది. అందరూ టీ తాగుతుండగా ఈసారి నిజమైన కానిస్టేబుళ్ళు ఇద్దరు మెట్లెక్కి వచ్చారు. వాళ్ళ వెనకే పుష్పమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇక్కడ సెక్రటరీ సదాశివ ఎవరు? మ్యాచుల ఏమైతదో ముందే చెప్తడంట?"

సదాశివ టీ కప్పు కింద పెట్టి లేచాడు. ఆయన నోరు తెరిచేలోపే హరికిషన్ లేచి అట్ట చంకలో పెట్టుకుని ముందుకొచ్చాడు. "నేను పొద్దుగూకినప్పటి సంది ఈయనతోనే ఉన్న సార్. మొత్తం వెరిఫై చేసిన. మనిషి మంచోడే, అనుమానమే జెర ఎక్కువ."

పుష్పమ్మ మాత్రం, ఆ మాట డిష్‌లో వచ్చేదాకా తాను నమ్మనంది.