క్యారవాన్లలో గొర్రెల ప్రవేశం గురించి

సెలవు మీద వెళ్లిన మనిషి ప్రాణాలతో తిరిగి రావాలంటే అన్నిటికంటే ముందు కావలసింది, ఆ ప్రాణాలను కాపాడేవాడి ఇఖామాలో, అంటే నివాస అనుమతి కార్డులో, సరైన వృత్తి రాసి ఉండటం. చక్రాల బ్రేకులు, గ్యాసు పైపులు, పీల్చడానికి గాలి వగైరాల ప్రస్తావన ఆ తర్వాతే వస్తుంది.

సౌదీలో బురైదా ఊరి బయట, ఇసుక తిన్నెల పక్కన అబూ సాలెహ్ గారి క్యారవాన్ క్యాంపు ఈ సూత్రం మీదే నడిచేది. చలికాలంలో కుటుంబాలు వచ్చి, చక్రాల మీద నిలిపిన ఆ చిన్న ఇళ్లలో వారాంతం గడిపి, మాంసం కాల్చుకుని, పిల్లల్ని ఇసుకలో దొర్లించుకుని పోయేవి. క్యాంపును నడిపేది రాయచోటి నుంచి వచ్చిన ఖాదర్ మొహిద్దీన్. బీకాం చదివాడు. ప్రమాదాలంటే అతనికి నిజంగానే భయం. (ఈ పనికి భయం అనర్హత అని ఎక్కడా రాసి లేదు.) చక్రాల కింద దిమ్మలు కదపొద్దనీ, సిలిండరు దగ్గర సిగరెట్ వెలిగించొద్దనీ, బొగ్గుల కుంపటి లోపలికి తీసుకుపోతే గాలి విషమవుతుందనీ చెప్పనిదే ఎవరికీ తాళం ఇచ్చేవాడు కాదు.

సౌదీలకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో లెక్కగట్టి కంపెనీలకు రంగులు వేసే నితాకత్ వచ్చాక, ఈ కంపెనీ ఎరుపు రంగులో పడింది. ఆకుపచ్చకు చేరాలంటే సౌదీలు పెరగాలి, పరదేశీలు తగ్గాలి. అబూ సాలెహ్ రెండూ ఒకే పూటలో సాధించాడు. బావమరిది రాకాన్‌ను సేఫ్టీ ఆఫీసర్‌గా రాయించాడు. ఖాదర్‌ను తన పొలం లెక్కలోకి మార్చి కాగితం మీద గొర్రెల కాపరిని చేశాడు. నిజంగా గొర్రెలు కాసే జగిత్యాల బుచ్చన్న మాత్రం టెక్నీషియన్ వీసా మీద వచ్చినవాడు కనుక, ప్రభుత్వం దృష్టిలో టెక్నీషియనే.

అందుచేత తనిఖీ వచ్చినప్పుడల్లా ఇద్దరూ చోట్లు మార్చుకునేవారు.

"పైలం సారూ," అనేవాడు బుచ్చన్న, కర్ర ఇచ్చి పసుపు హెల్మెట్ పెట్టుకుంటూ. "ఆ నల్ల పొట్టేలు మీదికొస్తది. దానికి మీరంటే పడది."

"ఎవురంటే పడతాదో అదన్నా చెప్పు," అనేవాడు ఖాదర్.

ఆ శుక్రవారం మధ్యాహ్నం జబీ వచ్చాడు. ఖర్జూరాల కంపెనీలో అకౌంటెంట్, కడపవాడు. కుటుంబంలో తలకింతని ప్రభుత్వం వేసిన లెవీ భరించలేక భార్య అఫ్రీన్‌నూ కూతురు గుల్షన్‌నూ ఆ వారమే ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి పంపేస్తున్నాడు. పంపేలోగా ముగ్గురూ కలిసి ఒక్క సెలవైనా గడపాలని పాప పట్టుబట్టింది.

ఖాదర్ జాగ్రత్తలు మొదలుపెట్టి సిలిండరు దాకా వచ్చాడో లేదో రాకాన్ ఫోన్ చేశాడు. ఇన్‌స్పెక్టర్లు హైవే దిగారు. ఖాదర్ జబీ చేతిలో తాళం పెట్టి గొర్రెల దొడ్డి వైపు పరుగెత్తాడు.

ఇంతలో వాన మొదలైంది, దానితోపాటు చలిగాలి. దొడ్డిలో తడుస్తూ నిలబడ్డ ఖాదర్‌కు, జబీ ఎర్రటి బొగ్గుల కుంపటిని రెండు చేతులా పట్టుకుని క్యారవాన్ ఎక్కడం కనిపించింది. తలుపు మూసుకుంది. ఒక్కో కిటికీ మూసుకుంది.

జబీకి ఫోన్ చేశాడు. మోగింది గాని ఎవరూ ఎత్తలేదు. రాకాన్‌కు చేశాడు. రాకాన్ ఎదుటి డేరాలో ఇన్‌స్పెక్టర్లకు గహ్వా కాఫీ పోస్తున్నాడు. సేఫ్టీ ఆఫీసర్ ప్రస్తుతం సేఫ్టీ ఇన్‌స్పెక్టర్లతో సేఫ్టీ గురించే మాట్లాడుతున్నాడనీ, మధ్యలో లేవడం మర్యాద కాదనీ ఎంతో మృదువుగా చెప్పి పెట్టేశాడు. పక్కనే బుచ్చన్న, గ్యాసు రెగ్యులేటర్‌ను గొర్రె చెవి పట్టుకున్నట్టు పట్టుకుని, అడిగిన ప్రతిదానికీ తల ఊపుతున్నాడు.

ఖాదర్ అక్కడే నిలబడిపోయాడు. గొర్రెల కాపరి వెళ్లి క్యారవాన్ తలుపు తట్టడమంటే, లేని వృత్తి చేస్తూ కళ్లెదుట దొరికిపోవడమే. జరిమానా, జైలు, ఆపైన విమానం. తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు. కాపరి అన్నవాడు గొర్రెల వెంట ఎంత దూరమైనా వెళ్లవచ్చు కదా అని అప్పుడు తట్టింది. బార్లీ డబ్బా అందుకుని, గలగలలాడిస్తూ, గింజలు చల్లుకుంటూ నడిచాడు. మంద మొత్తం ఎగబడింది. క్యారవాన్ మెట్ల మీద డబ్బా బోర్లించాడు. నల్ల పొట్టేలు తలుపును ఒక్క కుమ్ము కుమ్మింది.

లోపలి నుంచి చప్పుడు లేదు.

ఖాదర్ కర్ర పారేసి తలుపు లాగాడు. జబీ తల పట్టుకుని కూర్చున్నాడు. అఫ్రీన్ లేవబోయి లేవలేకపోతోంది. గుల్షన్ నిద్రపోతోంది.

"బయటికి రాండి. జబీ భాయ్, పట్టు నా చేయి. ఆమెను పట్టుకో."

పాపను భుజాన వేసుకుని వానలోకి దిగాడు. వెనకాలే దంపతులు తూలుతూ దిగారు. ఖాళీ అయిన చోటులోకి గొర్రెలు క్రమశిక్షణతో ఎక్కాయి. గుల్షన్ వాంతి చేసుకుని ఏడుపు లంకించుకుంది. ఖాదర్ తడి ఇసుకలో చతికిలబడ్డాడు.

"అన్నా, పాపకేం కాలేదు కదా?" అంది అఫ్రీన్.

"ఏడుస్తాంది కదమ్మా. ఏడ్చనీ."

ఇన్‌స్పెక్టర్లు గొడుగులతో వచ్చారు. ఇఖామా అడిగారు. కాపరి, గొర్రెల దగ్గరే ఉన్నాడు; సక్రమం. గొర్రెలు క్యారవాన్‌లో ఉన్నాయి, అక్రమం. ఖాదర్ బొగ్గుల గురించి చెప్పబోయాడు. బొగ్గుల మీద అభిప్రాయం టెక్నీషియన్ చెప్పాలని ఆపి, వాళ్లు బుచ్చన్న వైపు తిరిగారు.

బుచ్చన్న హెల్మెట్ సర్దుకుని, లోపలికి తొంగిచూశాడు. "గొర్లు మంచిగనే ఉన్నయి," అన్నాడు.

దాన్ని రాకాన్ తనకు తోచినట్టు అరబ్బీలో చెప్పాడు. రాసుకున్నారు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక ముగ్గురూ తేరుకున్నారు. అఫ్రీన్, గుల్షన్ అనుకున్న రోజునే విమానం ఎక్కారు. మనుషులెవరికీ హాని కలగనందుకు రాకాన్‌కు ప్రశంసాపత్రం వచ్చింది. ప్రతి క్యారవాన్ తలుపు మీదా, 'గొర్రెలను లోపలికి రానివ్వరాదు' అని రెండు భాషల్లో బోర్డు పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. మేకులు కొట్టింది ఖాదరే. కింద కుంపటి గురించి ఒక వాక్యం కలపమని తన కఫీల్ అబూ సాలెహ్‌ను అడిగాడు. నమోదు కాని ప్రమాదానికి బోర్డు పెడితే, అది జరిగిందని మనమే ఒప్పుకున్నట్టవుతుందని జవాబొచ్చింది.

బోర్డులు చక్కగా పనిచేశాయి. ఆ చలికాలమంతా క్యారవాన్లలో ఒక్క గొర్రె ప్రాణం కూడా పోలేదు.