కరివేపాకు పొడి, కదిలే బాణం

ఆ శనివారం పొద్దున అమెరికాలో మోరిస్‌విల్‌లోని ఆ ఇంట్లో నలుగురున్నారు: పొడులు కొట్టి అమ్మే స్రవంతి, ఆమె భర్త చక్రధర్, అతని తల్లి కోటమ్మ, సాయానికి వచ్చిన రేణు. రేణు చక్రధర్ అన్నగారి కూతురు. నూజివీడు దగ్గర పల్లెబడి వదిలి ఇక్కడికి వచ్చి మూడు నెలలైంది. పిలిచి అడిగినా తలూపి ఊరుకునే పిల్ల.

పని చిన్నదే. నలభై పొట్లాలు తూచి, లేబుళ్లు అంటించి, పదకొండింటికల్లా తెలుగు సంఘం హాలుకు చేర్చాలి. బరువు, తేదీ అచ్చులో లేని పొట్లాన్ని అక్కడ అమ్మకాల టేబుల్ ఎక్కనివ్వరు. ఆ టేబుల్ కోసం స్రవంతి ఏడాదిగా ఎదురుచూస్తోంది.

లేబుళ్లు అచ్చు వేసేది మూలగదిలోని పాత కంప్యూటర్. మూతబడిన ఓ కిరాణా కొట్టు నుంచి కాటాతో సహా తెచ్చుకున్నారు. కాటా తీగను కంప్యూటర్ వెనక పాతకాలపు సీరియల్ పోర్టులో రెండు మరలతో బిగించారు. స్రవంతి ఎప్పుడూ ముందు కంప్యూటర్, ఆ తర్వాతే కాటా ఆన్ చేస్తుంది. ఎందుకో ఆమెకూ తెలియదు, అలవాటు. ఆ రోజు పిన్నికి పని తగ్గిద్దామని రేణు రెండూ ఒకేసారి ఆన్ చేసి పెట్టింది.

స్రవంతి మొదటి పొట్లం కాటా మీద పెట్టగానే తెరమీది బాణం తేలు కుట్టినట్టు ఎగిరి, ఏవేవో తెరిచింది. మౌస్ మీద ఎవరి చెయ్యీ లేదు.

"ఏవండీ! ఇది దానంతటదే తిరుగుతోంది!"

చక్రధర్ కాఫీతో వచ్చాడు. స్రవంతి ఇంకో పొట్లం పెట్టింది. బాణం పరుగెత్తి, పోయిన ఏడాది గోంగూర లేబుళ్లు వరసగా అచ్చు వేయసాగింది.

"హ్యాక్!" చక్రధర్ కప్పు పక్కన పెట్టేశాడు. "ఎవడో లోపలికొచ్చేశాడు!"

"బాబాయ్, దీనికి..."

"నువ్వుండమ్మా! తొమ్మిదేళ్లుగా సెక్యూరిటీ టీమ్‌లో ఉన్నాను, నాకు తెలీదా? నా ఆఫీస్ లాప్‌టాప్ కూడా ఇంట్లోనే ఉంది!"

రౌటర్ తీగ పీకేసి ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"హ్యాకూ లేదు, గీకూ లేదు. ఇది దిష్టి రా చక్రీ," అంది కోటమ్మ. "పొడులు ఘుమఘుమలాడుతున్నాయని నిన్న పక్కింటి అనుష్క వాళ్లమ్మ ఎన్నిసార్లంది!"

ఎండుమిరపకాయలు మూకుట్లో మాడ్చి గదిలోకి తెచ్చింది. పొగకు అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. అదిరిపోయిన కోటమ్మ మూకుడును కాటా మీద పెట్టేసింది. బాణం తెర అంచుకు దూకింది. మూకుడు తీసింది. బాణం వెనక్కొచ్చింది.

రేణు చూసింది. వేలితో కాటాను నొక్కింది. బాణం కదిలింది.

"పిన్నీ, తప్పు నాదే," అంది. "కంప్యూటర్ లేచేటప్పటికే కాటా ఆన్‌లో ఉంది. దాన్నే మౌస్ అనుకుంటోంది. మా బళ్లో మౌస్‌ని ఇలాంటి పోర్టుకే పెట్టేవాళ్లు."

రెండూ ఆపి, ముందు కంప్యూటర్, తర్వాత కాటా ఆన్ చేసింది. బాణం బుద్ధిగా కూర్చుంది. మొదటి లేబుల్ వచ్చింది: కరివేపాకు పొడి, రెండు వందల గ్రాములు. ఇంకా యాభై నిమిషాల టైముంది. స్రవంతి రేణుని గట్టిగా వాటేసుకుంది.

"మరి హ్యాకర్?" అన్నాడు చక్రధర్.

"దీనికి నెట్టే లేదు కదా, బాబాయ్."

చక్రధర్ చేతిలో ఫోన్ మోగింది. ఎత్తి విని, దాన్ని చేత్తో మూశాడు.

"మేనేజర్ వాళ్ల మేనేజర్‌కి చెప్పేశాడు. టీమ్ అంతా కాల్‌లో ఉంది. ఈ మెషీన్ సాక్ష్యమట, ఎవరూ ముట్టుకోకూడదట."

"కాటా అని చెప్పండి!"

"తొమ్మిదేళ్లుగా నన్ను నమ్మిన టీమ్‌కి? కాటా అనా?"

"మరి నా టేబులో?" స్రవంతి గొంతు కీచుమంది.

చక్రధర్ ఆమెను, కోటమ్మను గది దాటించాడు. రేణు చేతిని మౌస్ మీద నుంచి మెల్లగా తీసి, ఆ ఒక్క లేబుల్‌తో ఆమెనూ బయటికి నడిపించాడు. "యెస్ సర్, వెరీ సోఫిస్టికేటెడ్ అటాక్," అని ఫోన్‌లో అంటూనే ఆమె ముఖం మీద తలుపు వేసి, లాక్ తిప్పాడు.

ఆ పొద్దున ఆ ఇంట్లో మొదటిసారికే సరిగ్గా పనిచేసింది ఆ లాక్ ఒక్కటే.