అడ్డంగా సాగిన అత్తగారు

టీవీలో మనుషులు అడ్డంగా సాగి కనిపించడం దేశానికి ఎంతో మంచిది! నవ్వకండి. రిటైర్డ్ హెడ్ క్లర్కును, ఆలోచించకుండా ఒక్క ముక్క రాయను.

మా నాంపల్లి లోకల్ కేబుల్ చూడండి. అబిడ్స్ చీరల షాపు ప్రకటనలో తిండి మానేసిన మోడల్ కూడా నిండుగా కనిపిస్తుంది. అఫ్జల్‌గంజ్ ఆటో కారంత ఉంటుంది. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ కూడా పెద్ద నదే! ఇంత అభివృద్ధి ఏ ప్రభుత్వం చేయగలదండీ?

కారణం చిన్నదే. బొమ్మంతా చుక్కలేనట. కంప్యూటర్‌లో చుక్క నలుచదరం, మా కేబుల్‌లో మాత్రం అడ్డంగా పొడుగు. అందుకని కంప్యూటర్‌లో సన్నగా ఉన్న బొమ్మే టీవీలో సరిగ్గా వస్తుంది. ఇదంతా నాకు చెప్పింది అబిడ్స్ సందులో యానిమేషన్ చేసే నరేశ్.

మా అత్తగారు కేథరిన్ టీచరమ్మ పోయి ఏడాదయింది. కేబుల్‌లో జ్ఞాపకార్థం ఒక బొమ్మ వేయించాలని నా భార్య యూనీస్ ఆశ. పూలచక్రం తిరుగుతుంటే మధ్యలోంచి ఆమె ముఖం పైకి రావాలి. పని నరేశ్‌కే అప్పజెప్పాను.

"మమ్మీని ఒక్కసారి టీవీల చూస్కుంట," అంది పాపం.

ఆదివారం చుట్టాలంతా మా ఇంట్లో టీవీ ముందు చేరారు. పూలచక్రం గుమ్మడికాయలా దొర్లింది. జీవితమంతా సన్నగా బతికిన అత్తగారు స్క్రీన్ నిండా బుగ్గలతో వచ్చారు!

"గిదేంది? మా మమ్మీ గిట్లుండెనా?" అని యూనీస్ బావురుమంది.

"పరలోకంల జర ఒళ్లు చేసింది తియ్ బిడ్డా," అని ఆమె బాబాయి జాబెజ్ ఓదార్చాడు. చూశారా, ఎంత ఊరట!

ఆ రోజు నుంచి యూనీస్ నరేశ్‌ను తిడుతూనే ఉంది. నేనూ గొంతు కలిపాను. ఈ కాలం పిల్లలకు పని మీద ధ్యాసేదీ?

నిన్న నరేశే ఫోన్ చేశాడు.

"హెర్బర్ట్ సార్, ముందు చేసిందే గీ ఆదివారం మళ్ల ఏపిస్త. తప్పు నాదే అని మేడంకు చెప్పున్రి, ఫికర్ లేదు."

ఆ మాట విన్నాక అన్నం సహించలేదండీ. ఎందుకంటే బొమ్మ చూడ్డానికి నేను నరేశ్ షాపుకెళ్లిన రోజు, కంప్యూటర్ మీద అత్తగారు మరీ సన్నగా కనిపించారు. "గీడ గట్లనే ఉంటది సార్, టీవీల సరిగ్గొస్తది, ముట్టకున్రి," అని నరేశ్ మూడుసార్లు మొత్తుకున్నాడు. వింటానా? ముప్పై ఏళ్లు ఫైళ్లు దిద్దిన చెయ్యి! బల్ల గుద్ది మరీ దిద్దించాను.

యూనీస్, ఇంతవరకూ చదివే ఉంటావు. ఆ నరేశ్‌ను ఇంక తిట్టకు. మీ మమ్మీని సాగదీయించింది నేనే.