పుప్పొడి పుణ్యమా అని

అలర్జీ లేనివాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

పాపం, వాళ్ళ బతుకంతా నడివీధిలో పెట్టినట్టే! కళ్ళు ఎర్రబడితే ఎందుకో చెప్పాలి. గొంతు బొంగురుపోతే సంజాయిషీ ఇచ్చుకోవాలి. చుట్టాల పెళ్ళికి వెళ్ళకపోతే ఏళ్ళ తరబడి మాట పడాలి. అదే పుప్పొడి పడని మనిషి అనుకోండి, ఒక్క తుమ్ముతో అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పినట్టే!

నమ్మరా? కిక్కిరిసిన బస్సులో నాలుగు తుమ్ములు తుమ్మి చూడండి. కూర్చోవడానికి ఒక సీటు, సంచీ పెట్టుకోవడానికి ఇంకో సీటు! ఆఫీసు మీటింగులో కొత్త పని ఎవరి నెత్తిన రుద్దాలా అని పెద్దాయన చుట్టూ చూస్తున్నప్పుడు, జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకోండి. ఆయన చూపు మీ మీదుగా జారి పక్కవాడి మీద వాలుతుంది. దుమ్ము పడని అల్లుడికి అత్తగారు అటకను చూపించనైనా చూపించదు.

ఇక ఇన్‌హేలర్ ఉన్నవాడి దర్జా ఏం చెప్పను! వాదనలో ఓడిపోయే ఘడియ రాగానే దాన్ని బయటికి తీసి, బాగా ఊపి, ఒక్క పీల్పు పీలుస్తాడు. అవతలివాడు హడలిపోయి, "సరే సరే, మీరన్నదే రైటు, ముందు కూర్చోండి" అంటాడు. ఇంత బలమైన తర్కం ఏ లాయరు దగ్గరైనా ఉందా?

అయినా ఇవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం సంగతి తేలాలంటే ఒక సోషల్ టీచరమ్మను సాక్ష్యానికి పిలవాలి.

ఆమెకు ఈ జబ్బు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. ఏటా చలి వెనక్కి తగ్గేసరికి, స్టాఫ్‌రూం కిటికీ పక్కనున్న పసుప్పూల చెట్టు విరగబూస్తుంది. ఇక ఆమెకు ముక్కుదిబ్బడ, కళ్ళ దురద, పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు. ఏటా ఆ చెట్టును నోరారా తిట్టుకునేది. ఈ ఏడు మాత్రం అదెప్పుడు పూస్తుందా అని రోజూ కొమ్మలకేసి చూసింది.

కారణం ఉంది. చలికాలం మధ్యలో ఆమె చెల్లెలు పోయింది. జ్వరమని ఆస్పత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు.

హెడ్‌మాస్టరు మంచి మనిషి. ఆమె సెలవు అడిగితే రూల్స్ అటూ ఇటూ తిరగేసి చూశారు. "భర్త ఉన్నాడు, పిల్లలున్నారు, తల్లిదండ్రులున్నారు. తోబుట్టువుల మాట ఎక్కడా లేదమ్మా" అన్నారు నొచ్చుకుంటూ. జలుబుకు సెలవుంది. బెణికిన కాలికి ఉంది. చెల్లెలికి లేదు.

ఆమె బడికి వచ్చేసింది. వచ్చాక తెలిసింది, అక్కడ ఏడవడానికి చోటు లేదని. ఇంట్లో మాత్రం ఉందా? ఓదార్పులన్నీ తల్లికి వెళ్ళాయి, చెల్లెలి భర్తకు వెళ్ళాయి, పిల్లలకు వెళ్ళాయి. ఆమె వంతుకు సలహా మిగిలింది. "పెద్దదానివి. నువ్వే ఇలా అయిపోతే మీ అమ్మను పట్టుకునేదెవరు?"

స్టాఫ్‌రూంలో ఆమె కళ్ళు తడిస్తే చాలు, ఒకరికి చాక్‌పీసు గుర్తొచ్చేది, ఒకరికి క్లాసు గుర్తొచ్చేది. వెళ్ళడానికి క్లాసు లేని ఇంగ్లీషు మేడమ్, "ఎంత ధైర్యంగా ఉన్నారండీ మీరు! నేనైతే తట్టుకోలేకపోదును" అనేది. అంత మెచ్చుకున్నాక ఇంకేం ఏడుస్తాం?

లంచ్ బెల్లు మరీ కష్టం. ఆ వేళకే చెల్లెలు ఫోన్ చేసేది. "అక్కా, తిన్నావా? నేను తినేశానే, ఆగలేకపోయాను. మీ తుమ్ముల మాస్టారు ఉన్నారా పక్కన? ఇవాళ్టి స్కోరెంత?" అంతా ఇలాంటి గోలే. పనికొచ్చే మాట ఒక్కటి ఉండేది కాదు.

అలాంటి సమయంలో, ఒక సోమవారం పొద్దున, చెట్టు పూసింది.

"అయ్యో మేడమ్, మీకు సీజన్ మొదలైపోయినట్టుందే!" అంది ఇంగ్లీషు మేడమ్, ఆమె మొహం చూసి.

ఆమె కిటికీలోంచి చెట్టుకేసి చూసింది. "ఆఁ, మొదలైందండీ" అంది.

చూశారా పుప్పొడి మహిమ! నిన్నటిదాకా దాచుకున్న కళ్ళే అవి, ఆ నీళ్ళే అవి. పేరొక్కటే మారింది. ఇప్పుడు ఎవరికీ చాక్‌పీసు గుర్తురాలేదు. అందరూ కుర్చీలు ఆమె వైపు తిప్పారు. ఒకరు ఆవిరి పట్టమన్నారు. ఒకరు మాత్ర పేరు చెప్పారు. ఒకరు గోరువెచ్చని నీళ్ళు తెచ్చిపెట్టారు. పీఈటీ మాస్టారు, అంటే ఆటల మాస్టారు, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఉప్పునీళ్ళు ఈ ముక్కులో పోసి ఆ ముక్కులోంచి వదిలెయ్యాలి మేడమ్, పైపు కడిగినట్టు!" అన్నాడు. ఆయన జన్మలో తుమ్మి ఎరగడు. ఆ ఊపిరితిత్తులు ఫుట్‌బాల్‌కు గాలి కొట్టగలవు.

ముక్కు నిజాయితీగా ముక్కు పని చేస్తుంటే, కళ్ళు దాని చాటున సొంత పని చక్కబెట్టుకునేవి. మధ్యమధ్యన ఒక తుమ్ము పడితే చాలు, ఎవరికీ అనుమానం రాదు. తుమ్ము రాని రోజు ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, ఒక కొమ్మ వంచి, గట్టిగా వాసన చూసి తెచ్చుకునేది!

క్లాసులో నదుల పాఠం. "ఇది ఉపనది. ఇక్కడ పెద్ద నదిలో కలుస్తుంది. కలిశాక మ్యాపులో దాని పేరు ఉండదు" అని చెబుతూ, బోర్డు వైపు తిరిగి అలాగే ఉండిపోయింది.

"మిస్, కిటికీ మూసెయ్యాలా?" అంది ముందు బెంచీ పిల్ల.

"వద్దు నాన్నా. బార్లా తెరువు."

చెప్పండి, ఇంత గౌరవంగా, నలుగురి మధ్య కూర్చుని ఏడ్చే ఏర్పాటు ఇంకే జబ్బు చేసిపెడుతుంది?

అయితే మన చుట్టూ ఉన్నవాళ్ళ మంచితనం ఊరుకోదు కదా! ఆ శనివారం స్టాఫ్ మీటింగులో పీఈటీ మాస్టారు లేచి నిలబడ్డాడు.

"సార్, సోషల్ మేడమ్ బాధ నేను చూడలేకపోతున్నా. కారణం ఆ చెట్టే. ఎల్లుండి మనిషిని పిలిపిస్తా. మొదలంటా కొట్టిస్తే పీడా పోతుంది."

"మంచి ఆలోచన" అన్నారు హెడ్‌మాస్టరు. ఆ బడిలో మీటింగు పద్ధతి ఒకటుంది. ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. కాబట్టి సంగతులన్నీ నిమిషంలో తేలిపోతాయి. "అభ్యంతరం ఎవరికీ లేదుగా?"

చెట్టు పోతే సోమవారం నుంచి ఆమె ఈ కళ్ళను ఏం చేసుకోవాలి? మళ్ళీ ధైర్యంగా ఉండాలా?

"వద్దు సార్" అంది లేచి.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"మీ కోసమే కదా మేడమ్!" అన్నాడు పీఈటీ మాస్టారు.

"అదే... నీడ ఉంది కదండీ, పాపం."

"దాని నీడ పడేది మురుక్కాలవ మీద!"

"పిట్టలు వాలతాయి."

"నేనెప్పుడూ చూళ్ళేదే! వాటికీ పడదేమో మేడమ్!"

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయింది కానీ పెదవులు మాట వినలేదు. ఇంకో కారణం వెతుక్కుంటూ నిలబడింది. ఇక మీటింగు తర్వాతి సంగతికి వెళ్ళిపోతుందనగా, మూల కుర్చీలోంచి పెద్ద తుమ్ము వినిపించింది.

లెక్కల మాస్టారు. తుమ్ముల్లో ఆయన ఆ బడికి పెద్దదిక్కు. ఆయన జేబురుమాలు విప్పితే చిన్న దుప్పటంత ఉంటుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని, "నాకూ అభ్యంతరమే సార్" అన్నారు.

"మీరు కూడానా మాస్టారూ? మీకు ఆయాసమొచ్చి మెట్లమీద కూర్చుండిపోవడం నేను చూశాగా!"

"చూశారు. అయినా వద్దు."

"నేను కూడా వద్దనే అంటా" అంది గుమ్మం దగ్గర నిలబడ్డ ఆఫీసు క్లర్కమ్మ, చేతిలో ఇన్‌హేలర్ తిప్పుతూ. ఆమెను మీటింగులో అభిప్రాయం అడగడం ఆనవాయితీ కాదు. అయినా చెప్పింది.

పీఈటీ మాస్టారికి బుర్ర తిరిగిపోయింది. "ఇదేం లెక్క సార్? తుమ్మేవాళ్ళంతా చెట్టు ఉండాలంటారు, తుమ్మనివాళ్ళు కొట్టెయ్యమంటారు!"

హెడ్‌మాస్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఎందుకో ముక్కు కూడా ఒకసారి తుడుచుకున్నారు.

"చెట్టు ఉంటుంది" అన్నారు. "తర్వాతి విషయం, బాత్రూం తాళాలు."

మీటింగు అయ్యాక అందరూ ఇళ్ళకు వెళ్ళారు. ఆమె సంచీ సర్దుకుంటుంటే లెక్కల మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఏళ్ళ తరబడి పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు గానీ, ఇద్దరూ మాట్లాడుకున్నది టైంటేబుల్ గురించే.

"మాస్టారూ, మీకు... ఎవరు?" అని అడిగింది.

ఆయన తిరగలేదు. "ఫ్రెండమ్మా. చిన్నప్పటి నుంచీ ఒకే బెంచీ. ఫ్రెండు పోయాడని సెలవడిగితే నవ్వుతారేమోనని జలుబన్నాను."

"ఎన్నాళ్ళయింది?"

"చాలా ఏళ్ళయింది."

"మరి ఇంకా..."

"ఏటా పూస్తోంది కదమ్మా" అన్నారాయన.

కాసేపటికి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. "మీ చెల్లెలు ఎలా ఉండేది?"

ఎలా పోయిందని అందరూ అడిగారు. ఏ ఆస్పత్రి, ఏ డాక్టరు, ఎందుకు ఆలస్యం చేశారు, అన్నీ అడిగారు. ఎలా ఉండేదని అడిగిన మనిషి ఈయనొక్కరే. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలికి గిన్నెలు తోమడం అంటే ఎంత అసహ్యమో, తను తోమాల్సిన గిన్నెలను మంచం కింద ఎలా దాచేదో చెబుతూ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తుమ్ము తెచ్చుకోవాలని తోచనే లేదు.

నేను ఇంతసేపూ పుప్పొడిని పొగిడాను. పొగడక ఏం చేయను? ఒక మనిషి కళ్ళు తుడవడానికి మనం ఆవిరి పట్టిస్తాం, మాత్ర తెస్తాం, అవసరమైతే నిలువెత్తు చెట్టును కొట్టిస్తాం. పక్కన ఊరికే కూర్చోమంటే మాత్రం మనకు ఎక్కడ లేని పనీ గుర్తొస్తుంది.

అంతలో పీఈటీ మాస్టారు విజిల్ మర్చిపోయి వెనక్కి వచ్చాడు. ఇద్దరి కళ్ళూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చూశారా, నేను చెబితే విన్నారు కాదు! ఉండండి, వేడినీళ్ళు తెస్తా."

"వద్దు సార్. మీరూ వచ్చి కూర్చోండి" అంది ఆమె.

"నాకు అలర్జీ లేదుగా మేడమ్?"

"ఫర్లేదు, కూర్చోండి."

ఆయన బిక్కమొహం వేసుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. అంత పెద్ద చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు సార్" అంది ఆమె. "మా చెల్లెలి గురించి చెబుతున్నా. వినండి."